మూడు లీటర్లు

పాలమూరు కొత్త బస్టాండు ఎనుక సందుల
డాక్టరమ్మ నా స్కానింగు ఫోటోను వెలుతురుకు పట్టి
పెన్ను మొనతోటి చూపిచ్చింది,
"ఇగో, ఇక్కడ. జొన్నగింజంత."
కుడి కిడ్నిల రాయి.
మా జిల్లా గుట్టలల్ల ఉన్న రాళ్లు సాలలేదేమో,
నాల గూడ ఒకటి మొలిచింది.

"దినాం ఎన్ని నీళ్లు తాగుతవమ్మా?"
అబద్ధమెందుకు, ఒక గ్లాసన్న.
అది గూడ పొద్దుగాల బీపీ గోలి మింగనీకె.
ఆమె కండ్లద్దాలు తీసి నన్ను జూసింది.
చీటీల మందులన్నిటికంటె పైన రాసింది:
నీళ్లు, మూడు లీటర్లు.
కింద రెండు గీతలు కొట్టింది.

అమ్మా, నీకెట్ల జెప్పాలె.
నేను కండక్టర్ని.
తెల్లారంగ నాలుగున్నరకు డ్యూటీ ఎక్కుత.
పాలమూరు, దేవరకద్ర, మరికల్, ధన్వాడ, నారాయణపేట.
మల్ల నారాయణపేట, ధన్వాడ, మరికల్, దేవరకద్ర, పాలమూరు.
గిట్ల దినానికి రెండుమార్లు.
డ్రైవర్ మైనొద్దీన్ భాయ్‌కి తొవ్వెంట ప్రతి తుమ్మచెట్టూ చుట్టమే,
బండి పక్కకాపి అట్ల వోయి ఇట్లొస్తడు.
ఆయన సీసా రెండు లీటర్లది, తడిగుడ్డ సుట్టింది,
మరికల్ రాకముందే ఖాళీ.
నా సీసా మాపటిదాంక నిండుగనే ఉంటది,
ఎండకు కాగి
పసిపిల్ల తానానికి పనికొచ్చేటట్టు.

దూప నాకు తెల్వంది గాదు.
ఏప్రిల్ నెల, మిట్టమధ్యాన్నం,
యాభై సీట్ల బండిల నూటపది మంది.
జీరో టికెట్టు తీస్కోండమ్మా, ఆధార్ చూపియ్యుండమ్మా
అని ఒర్రి ఒర్రి
నాలిక అంగిట్లకు అతుక్కుంటది.
అప్పుడొక్క బుక్క పోసుకుంట,
పుక్కిలిచ్చి కిటికీలకెల్లి ఉమ్మేస్త.
మింగ.
ఎక్కినోళ్లందరికి దిగే స్టేజీ ఉంటది గని
నేను తాగిన నీళ్లకే లేదు.

బస్టాండ్ల ఉన్నయి గద అంటరు.
ఉన్నయి. తలుపుకు గొళ్లెం లేదు.
ఒక చెయ్యి తలుపు పట్టుకోనీకె,
ఇంకో చెయ్యి టికెట్ల మిషను పట్టుకోనీకె,
క్యాష్ బ్యాగు మెడకు.
చీర కుచ్చిళ్లు ఎవరు పట్టుకోవాలె?

రాయి కదిలిన్నాడు
కూసోలేక లేసిన, నిలవడలేక కూసున్న.
ధన్వాడ స్టేజికాడ మిర్చీలు కాల్చే చెన్నబసమ్మ
నా మొకం జూసి జాలిగంటె పక్కకువెట్టి
చెంబుల నీళ్లు తెచ్చిచ్చింది.
వద్దన్న.
"మొకమంత పాలిపోయింది, వద్దంటవేంది?"
చెవుల జెప్పిన.
నవ్వుతదనుకున్న. నవ్వలె.
బొడ్ల దోపుకున్న చెవుల గుత్తిలకెల్లి ఒకటి ఊడదీసి
నూనె చెయ్యి కొంగుకు తుడ్సుకోని ఇచ్చింది.
"ఈ గోడెనుకనే మా ఇల్లు. నీలి రేకు తలుపు.
లోపటి గొళ్లెం మా ఆయన పాణముండంగ బిగిచ్చిండు,
ఏనుగు నూకినా ఊడదు.
ఇది నీ కాడనే ఉండనీ."

ఇప్పుడా చెవి నా విజిలు తాడుకు ఉంది.
ధన్వాడల మైనొద్దీన్ భాయ్ ఏం అడగడు,
బానెట్టు తెరిచి, "ఇంజను కాగింది, ఐదు నిమిషాలు" అంటడు.
తెల్లంగీ ఆయన ఒకరోజు గడియారం జూసి గొణిగిండు.
మక్కకంకుల గంప ముసలామె
ఆయన దిక్కు తిరిగి ఏదో అన్నది,
ఏమన్నదో నాకు వినవడలె,
గని ఆయన మల్ల గడియారం జూడలె.

డాక్టరమ్మా, మందు బాగనే రాసినవు.
దాని కిందనే ఇంకోటి రాయి,
తలుపొకటి, గొళ్లెమొకటి, దినానికి నాలుగుమార్లు,
దేవరకద్రల, మరికల్ల, పేటల.
ఆ చీటీ నేను తీస్కపోయి డిపోల ఇస్త.

ఇయ్యాల లీటరున్నర తాగిన.
రాత్రి లెక్క అప్పజెప్పేటప్పుడు
చిల్లర సరిపోయింది, టికెట్లు సరిపోయినయి.
ఈ లీటరున్నర గూడ రాద్దామని జూస్తె
వే బిల్లుల దానికి గడి లేదు.